బాపు ఒంట్లో 438 ఏళ్ల అయోడిన్

"ఒళ్లంత గరం గరమైందిరా. ప్యాంట్లనే పోసుకున్ననా ఏంది అని భయపడ్డ."

సీటీ స్కాన్ గదిలోంచి బయటికి వస్తూ మా బాపు అన్న మొదటి మాట ఇది. వెనకాలే వచ్చిన టెక్నీషియన్ నవ్వాడు. "అందరికీ అట్లనే అనిపిస్తది పెద్దాయనా. అది మందు వేడి. నీళ్లు మంచిగ తాగు, రేపటికల్లా మొత్తం మూత్రంల పోతది."

పోయినేడాది హన్మకొండలో జరిగింది ఇది. అల్ట్రాసౌండ్‌లో బాపు లివర్ మీద ఒక మచ్చ కనిపించింది. అదేంటో తేలాలంటే కాంట్రాస్ట్ పెట్టి సీటీ తీయాలన్నారు. ముందు క్రియాటినిన్ పరీక్ష చేశారు. కిడ్నీలు సరిగా ఉంటేనే ఆ మందు ఎక్కిస్తారట. కింద మెడికల్ షాపులో సీసా నేనే కొని తెచ్చాను. చేతిలో ఉంది కాబట్టి లేబుల్ చదివాను. అయోహెక్సాల్, 100 మిల్లీలీటర్లు. ఒక్కో మిల్లీలీటరులో 300 మిల్లీగ్రాముల అయోడిన్.

అంటే ఒక్క సీసాలో 30 గ్రాములు. అందులో 80 మిల్లీలీటర్లు బాపుకి ఎక్కించారు. మిగతా 20 సీసాతో సహా డబ్బాలో పడింది.

భయంగా కూర్చున్నప్పుడు నాకు లెక్కలు చేసే అలవాటు. రిపోర్టు సాయంత్రం ఇస్తామన్నారు. కారిడార్‌లో ఫోన్ తీసి క్యాలిక్యులేటర్ ఓపెన్ చేశాను. పెద్దవాళ్లకి రోజుకి కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు. బాపు ఒంట్లోకి వెళ్లింది 24 గ్రాములు. భాగిస్తే 1,60,000 రోజులు. 438 ఏళ్లు!

కులీ కుతుబ్ షా హైదరాబాద్ కట్టించింది 1591లో. అంతకు కొంచెం ముందు నుంచి ఇవాళ్టిదాకా ఒక మనిషి బతికి ఉంటే, అతని థైరాయిడ్‌కి మొత్తంగా ఎంత అయోడిన్ కావాలో అంత మా బాపు నరంలోకి నిమిషంలోపే వెళ్లింది. రేపటికల్లా అది మా ఇంటి బాత్‌రూమ్‌లోకి పోతుంది. మాకు భూగర్భ డ్రైనేజీ లేదు, సెప్టిక్ ట్యాంకే. అక్కణ్నుంచి భూమిలోకి.

ఇక్కడే నాలో నిద్రపోతున్న కెమికల్ ఇంజినీర్ లేచాడు. నేను వరంగల్‌లోనే కెమికల్ ఇంజినీరింగ్ చదివి, క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో సాఫ్ట్‌వేర్‌లో పడ్డాను. మా క్లాసులో సగం మంది కథ ఇదే. నాలుగేళ్లు డిస్టిలేషన్ కాలమ్‌లు గీసి, ఇప్పుడు డేటాబేస్ క్వెరీలు రాస్తున్నాం. అయినా ఒక్క ప్రశ్న బుర్రలోంచి పోలేదు. ఇంత సరుకు ఎవరూ వెనక్కి తీసుకోరా?

ఉప్పులో చిటికెడు, సీసాలో దోసెడు

అయోడిన్ అంటే మనకి తెలిసింది ఉప్పు ప్యాకెట్ మీద నవ్వే సూర్యుడి బొమ్మ. ఆ బొమ్మ వెనక ఒక తెలుగు డాక్టర్ ఉన్నాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. వులిమిరి రామలింగస్వామి, 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివారు. హిమాలయాల కింద కాంగ్రా లోయలో గొంతు వాపు, అదే గాయిటర్, ఊళ్లకు ఊళ్లనే పట్టి పీడిస్తుంటే, 1956లో ఆయన బృందం లోయని మూడు భాగాలు చేసింది. దాదాపు లక్ష జనాభా. రెండు భాగాలకి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక దానికి మామూలు ఉప్పు. కొన్నేళ్లకి అయోడిన్ తిన్నవాళ్లలో గాయిటర్ బాగా తగ్గిపోయింది, మూడో భాగంలో తగ్గలేదు. 1962లో దేశంలో గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది దీని బలం మీదే.

ఇప్పుడు మన ఇంటికి చేరే ఉప్పులో కనీసం 15 పీపీఎం అయోడిన్ ఉండాలి. పీపీఎం అంటే పది లక్షల భాగాల్లో ఒక భాగం. రోజుకి 10 గ్రాముల ఉప్పు తింటే సరిగ్గా 150 మైక్రోగ్రాములు. అంత చిటికెడుతో ఒక తరం పిల్లల మెదళ్లు నిలబడ్డాయి.

అదే పదార్థాన్ని స్కాన్ కోసం గ్రాముల్లో ఎందుకు వాడతారంటే, అయోడిన్ పరమాణువు బరువైనది, ఎక్స్‌రేలని బాగా అడ్డుకుంటుంది. రక్తంలో అది ఎక్కడికి చేరితే అక్కడ తెల్లగా కనిపిస్తుంది. ఊరికే అయోడిన్ ఎక్కిస్తే మనిషి ఉండడు కాబట్టి, ఒక్కో అణువుకి మూడేసి అయోడిన్ పరమాణువులని గట్టిగా కట్టిపడేసిన మందుగా ఇస్తారు. అయోహెక్సాల్ బరువులో దాదాపు సగం అయోడినే. శరీరం దాన్ని ముట్టుకోదు. కిడ్నీలు వడపోసి, వచ్చింది వచ్చినట్టే 24 గంటల్లో బయటికి పంపేస్తాయి.

ఇంతకీ ఈ అయోడిన్ ఎక్కణ్నుంచి వస్తోంది? మన దేశంలో దాదాపుగా తీయడం లేదు, మొత్తం దిగుమతే. ప్రపంచంలో తయారయ్యేదాంట్లో సుమారు మూడింట రెండొంతులు ఒక్క చిలీ దేశానిది, అటకామా ఎడారి మట్టిలోంచి. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం జపాన్‌ది, చిబా ప్రాంతంలో సహజవాయువుతో పాటు పైకి వచ్చే ఉప్పునీళ్లలోంచి. ఈ మధ్య ఏళ్లలో ధర కిలో 60, 70 డాలర్ల దగ్గర తిరుగుతోంది. మన లెక్కలో గ్రాము ఆరు రూపాయల దాకా. డబ్బాలో పడ్డ ఆ 20 మిల్లీలీటర్లలో 36 రూపాయల అయోడిన్ ఉంది. హన్మకొండ చౌరస్తాలో ఇద్దరం ఛాయ్ తాగొచ్చు.

తమాషా ఏంటంటే, అయోడిన్ దొరికిందే వ్యర్థంలో. 1811లో ఫ్రాన్స్‌లో బెర్నార్డ్ కుర్తువా అనే ఆయన నెపోలియన్ యుద్ధాల తుపాకీ మందు కోసం సముద్రపు నాచు బూడిదలోంచి లవణాలు తీసేవాడు. తీయగా మిగిలిన ద్రావణంలో సల్ఫ్యూరిక్ యాసిడ్ కొంచెం ఎక్కువ పడింది. ఊదారంగు పొగ లేచింది, చల్లటి చోట నల్లటి మెరిసే స్ఫటికాలు కట్టాయి. అదే అయోడిన్. చిలీలో కూడా మొదట నైట్రేట్ ఎరువు తీశాక మిగిలిన నీళ్లలోంచే తీశారు.

దీని గురించి మీకెందుకు అంటారా? మీరు ఇది చదువుతున్న ఫోన్ తెరలో కూడా అయోడినే ఉండొచ్చు. తెర మీద కాంతిని ఒక్క దిశలోకి సరిచేసే పోలరైజర్ అనే సన్నటి పొర ఉంటుంది. సాగదీసిన ప్లాస్టిక్ ఫిల్మ్‌కి ఎక్కువగా అయోడిన్ పట్టించే దాన్ని చేస్తారు. జపాన్‌లో ఆ ఫిల్మ్ ఫ్యాక్టరీల వ్యర్థ ద్రావణాన్ని పారబోయరు, అయోడిన్ కంపెనీలకే తిరిగి పంపుతారు. గనులున్న దేశమే అంత పొదుపుగా ఉంది!

ఫ్యాక్టరీలో ఏం చేస్తారు

మా బ్యాచ్‌లో కెమికల్‌లోనే ఉండిపోయిన ఒకే ఒక్కడికి ఆ రాత్రి ఫోన్ చేశాను. వాడు హైదరాబాద్ శివార్లలో ఒక బల్క్ డ్రగ్ యూనిట్‌లో పని చేస్తాడు. పేరు వద్దన్నాడు. బాపు సంగతి అడిగి, తర్వాత గంటసేపు చెప్పాడు.

మందుల తయారీలో అయోడిన్ రెండు రకాలుగా వస్తుంది. కాంట్రాస్ట్ మందుల్లో అయితే అది మందులోనే ఉండిపోతుంది. హైదరాబాద్ కంపెనీ దివీస్ కూడా కాంట్రాస్ట్ మీడియాని తన ఎదుగుదలకి ముఖ్యమైన రంగాల్లో ఒకటిగా చెప్పుకుంటోంది. ఇంకొన్ని మందుల్లో అయోడిన్ మధ్యలో రియాక్షన్ నడిపించడానికే. "కూలికొచ్చినోడి లెక్క. పని చేసి వెళ్లిపోతది. మందుల ఒక్క పరమాణువు మిగలదు, మొత్తం నీళ్లల్లనే" అన్నాడు వాడు. రెండింట్లోనూ వ్యర్థ ద్రావణంలో అయోడిన్ ఉంటుంది.

దాన్ని వెనక్కి తీయడం సిద్ధాంతంలో ఇంటర్ కెమిస్ట్రీ. అయోడిన్ సేంద్రియ అణువుకి అతుక్కుని ఉంటే ముందు దాన్ని విడగొట్టాలి. క్షారంలో రాగి ఉత్ప్రేరకంతో వేడి చేస్తారు, లేదంటే కాల్చేసి ఆ వాయువులని క్షారంలోకి పంపిస్తారు. అప్పుడు అంతా అయోడైడ్ అయి నీళ్లలో ఉంటుంది. దానికి యాసిడ్ కలిపి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌నో క్లోరిన్‌నో కొంచెం కొంచెంగా వదిలితే అయోడైడ్ అయోడిన్‌గా మారుతుంది. అయోడిన్ నీళ్లలో పెద్దగా కరగదు, లీటరుకి 0.3 గ్రాములే. కాబట్టి నల్లగా అడుక్కి దిగుతుంది. వడగట్టి, గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ కింద 114 డిగ్రీల దగ్గర కరిగించి శుద్ధి చేసి, చల్లార్చి గుళికలు చేస్తారు.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే అయితే నాకు జీతమెందుకిస్తర్రా?"

అసలు కష్టం ఆ 'కొంచెం కొంచెంగా'లో ఉంది. ఆక్సీకరణ తక్కువైతే మిగిలిన అయోడైడ్, పుట్టిన అయోడిన్‌ని పట్టుకుని ట్రైఅయోడైడ్‌గా నీళ్లలోనే ఉంచేస్తుంది. ద్రావణం ముదురు గోధుమ రంగులో కనిపిస్తుంది, అడుగున మాత్రం ఏమీ ఉండదు. ఎక్కువైతే అయోడిన్ ఇంకా ముందుకెళ్లి అయోడేట్ అయిపోతుంది, మళ్లీ నీళ్లలో కరిగిపోతుంది. రెండింటి మధ్య ఒక సన్నటి గీత. రెడాక్స్ మీటర్ మీద కళ్లు పెట్టుకుని కూర్చోవాలి. పైగా స్టీల్‌ని తినేస్తుంది కాబట్టి గాజు పూత రియాక్టర్లు, టెఫ్లాన్ పైపులు. ఆవిరి కళ్లనీ ఊపిరితిత్తులనీ మండిస్తుంది. ఇది చదివి ఎవరైనా ఇంట్లో ట్రై చేద్దామనుకుంటే, దయచేసి వద్దు.

అన్నీ చేసినా గిట్టుబాటు అవుతుందా? అవుతుందట, ద్రావణం చిక్కగా ఉంటే. "మా దగ్గర గొడవ కెమిస్ట్రీతో కాదు. ఎవడో ఒకడు రియాక్టర్ కడిగిన నీళ్లు ఇదే ట్యాంకుల కలిపేస్తడు. అంతే, పాయె." అప్పుడది అయోడిన్ ద్రావణం కాదు, మామూలు వ్యర్థ జలం. శుద్ధి కేంద్రానికో, కాల్చడానికో పంపాల్సిందే. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో తొమ్మిదో నిబంధన ఒక ఫ్యాక్టరీ వ్యర్థాన్ని ఇంకో ఫ్యాక్టరీ ముడిసరుకుగా వాడుకోవడానికి దారి ఇచ్చింది, కాలుష్య నియంత్రణ మండలి అనుమతితో. కానీ అందులో ఏముందో చెప్పగలిగితేనే కదా ఎవరైనా తీసుకునేది. అన్నీ కలిపేశాక అందులో ఏముందో ఆ కలిపినవాడికే తెలీదు.

కలపడం వల్ల ఏమవుతుందో మన దగ్గర చూడనిది కాదు. 2007లో జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లు పరీక్షిస్తే, శుద్ధి చేశాక కూడా లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. పదుల కంపెనీల వ్యర్థం ఒకే చోట కలిశాక ఏది ఎవరిదో ఎవరు చెప్తారు, ఎవరు వెనక్కి తీసుకుంటారు?

మేమూ పోశాం

వాడు ఫోన్ పెట్టేశాక నాకు మా కాలేజీ ల్యాబ్ గుర్తొచ్చింది. కాలేజీ పేరు చెప్పను, అప్పట్లో అన్ని కాలేజీలూ అంతే అనుకుంటా. ఫస్టియర్‌లో రాగిని లెక్కగట్టే టైట్రేషన్. ఫ్లాస్క్‌లో 10 మిల్లీలీటర్ల పది శాతం పొటాషియం అయోడైడ్ పోయాలి, స్టార్చ్ వేస్తే నీలం, హైపో చుక్క పడగానే రంగు పోవాలి. రీడింగ్ రాసుకున్నాక ఫ్లాస్క్ ఎత్తి సింక్‌లో పోయడం. పైనుంచి ట్యాప్ ఫుల్లుగా తిప్పడం. ల్యాబ్‌లో ఎప్పుడూ వినిపించే మాట ఒకటే: "పోసి నీళ్లు వదలండి, నీళ్లు వదలండి."

ఇప్పుడు లెక్క వేశాను. ఒక్క టైట్రేషన్‌కి ఒక గ్రాము పొటాషియం అయోడైడ్. మనిషికి నాలుగు సార్లు, 60 మంది. ఒక్క మధ్యాహ్నంలో 240 గ్రాములు, అందులో అయోడిన్ 180 గ్రాముల పైనే. వెయ్యి రూపాయల సరుకు. ఒక పెద్ద ప్లాస్టిక్ క్యాన్ మూలన పెట్టి "అయోడిన్ ఇందులో" అని స్కెచ్ పెన్‌తో రాస్తే సరిపోయేది. ఏడాదికోసారి ఎవరైనా తీసుకెళ్లేవాళ్లు, లేదంటే మాకే ఆ రికవరీ ఒక ప్రాక్టికల్‌గా పెట్టొచ్చు. నాలుగేళ్లలో రికార్డులో రాసిన ప్రయోగాలన్నిటికంటే అదొక్కటి ఎక్కువ నేర్పేది. మాకెవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు, నేను కూడా ట్యాప్ తిప్పినవాణ్నే.

ఇక అసలు లెక్కకి వస్తాను, ఈ వ్యాసం రాయడానికి కారణం ఇదే. అయోడిన్ ఎంత చిక్కగా ఉంటే గని అనొచ్చు? అటకామా మట్టిలో టన్నుకి దాదాపు 400 గ్రాములు, అంటే 400 పీపీఎం. చిబా ఉప్పునీళ్లలో 100 పీపీఎం. అంత పలుచగా ఉన్నదానికే గాలి ఊది అయోడిన్ తీసి జపాన్ ప్రపంచానికి అమ్ముతోంది. మా కాలేజీ ల్యాబ్‌లో టైట్రేషన్ అయ్యాక ఫ్లాస్క్‌లో ఉన్నది 7,000 పీపీఎం పైనే.

మరి మా బాపు? 24 గ్రాములు, ఒక రోజు మూత్రం రెండున్నర లీటర్లు అనుకుందాం. దగ్గర దగ్గర 10,000 పీపీఎం. జపాన్ బావికి వంద రెట్లు, చిలీ గనికి పాతిక రెట్లు. ఆ ఒక్క రోజు మా బాత్‌రూమ్ ప్రపంచంలోని గొప్ప అయోడిన్ నిక్షేపాల్లో ఒకటి. బాపు ఫ్లష్ నొక్కాడు, అయిపోయింది. సెప్టిక్ ట్యాంకులో కలిశాక, కాలవలో కలిశాక, అది లీటరుకి మైక్రోగ్రాముల లెక్కలోకి జారిపోతుంది. దాన్ని వెనక్కి తెచ్చే యంత్రం ఎక్కడా లేదు, ఉన్నా గిట్టదు.

డబ్బు ఒక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. ఈ మందులు శరీరంలో ఎట్లా కదలకుండా ఉంటాయో, మామూలు మురుగు శుద్ధిలో కూడా చాలావరకు అట్లాగే ఉండిపోతాయి. యూరప్ నదుల్లో ఎప్పటినుంచో దొరుకుతున్నాయి. వాటికవే పెద్దగా హాని చెయ్యవు. కానీ అయోపమిడాల్ లాంటివి ఉన్న నీళ్లని క్లోరిన్‌తో శుద్ధి చేస్తే అయోడిన్ ఉన్న ఉప ఉత్పత్తులు పుడతాయనీ, అవి మామూలు క్లోరిన్ ఉప ఉత్పత్తులకంటే ఎక్కువ విషపూరితమనీ ల్యాబ్ పరీక్షల్లో తేలింది. చెరువు నీళ్లనే తాగునీళ్లుగా చేసుకునే మా ఊరివాడిగా నాకది చిన్న విషయం అనిపించలేదు. భద్రకాళి, వడ్డేపల్లి, ధర్మసాగర్. మా ఊరి ట్యాప్‌లు చెరువుల పేర్లతోనే మొదలవుతాయి.

జర్మనీలో రూర్ నది ఒడ్డున ములహైమ్ అనే ఊళ్లో ఒక ప్రయోగం చేశారు. ఆ నది నీళ్లే అక్కడివాళ్లకి తాగునీళ్లు. స్కాన్ అయ్యాక పేషెంట్లకి కొన్ని మూత్రం సంచులు ఇచ్చి పంపేవాళ్లు. ద్రవాన్ని గడ్డకట్టించే పొడి ఉన్న సంచులు అవి. ఇంటికెళ్లి మొదటి కొన్నిసార్లు అందులో పోసి, మామూలు చెత్తలో వేస్తే చాలు. అది వెనక్కి తీయడానికి కాదు, కేవలం నదిలో కలవకుండా కాల్చెయ్యడానికి. మిగిలిన సీసాల సంగతి ఇంకా సులువు. బేయర్ కంపెనీ రీకాంట్రాస్ట్ పేరుతో ఆసుపత్రుల్లో మిగిలిన కాంట్రాస్ట్‌ని డబ్బాల్లో వెనక్కి తీసుకుని అయోడిన్ రాబట్టే ఏర్పాటు చేసింది. 2022లో షాంఘై లాక్‌డౌన్ వల్ల అక్కడి జీఈ ఫ్యాక్టరీ ఆగిపోతే ప్రపంచమంతా అయోహెక్సాల్ కొరత వచ్చింది. అమెరికాలో అత్యవసరం కాని స్కాన్లు వాయిదా వేసుకున్నారు. అప్పుడు డాక్టర్లు సీసా అడుగున మిగిలే పది మిల్లీలీటర్ల విలువ గురించి మాట్లాడుకున్నారు.

మన దగ్గర నన్నడిగితే మూత్రం సంచులతో మొదలుపెట్టమనను. మా బాపు లాంటివాళ్లు వినరు కూడా. ముందు ఫ్యాక్టరీల్లో ఆ కడిగిన నీళ్లు వేరే ట్యాంకులోకి పోవాలి. తర్వాత కాలేజీ ల్యాబుల్లో ఒక క్యాన్. తర్వాత స్కాన్ సెంటర్లలో మిగిలిన సీసాలకి ఒక డబ్బా. హైదరాబాద్‌లో అయోడిన్ కొనే కంపెనీలు ఉన్నాయి, వరంగల్ నుంచి రెండు మూడు గంటల దారి. మధ్యలో లేనిది ఒక ఆటో ట్రాలీ, ఒక లెక్కల పుస్తకం. ఆ లెక్కల పుస్తకం నా పనే. ఏ ల్యాబ్‌లో ఎన్ని లీటర్లు, ఎంత చిక్కదనం, ఎప్పుడు తీసుకెళ్లాలి అని నమోదు చేసే చిన్న యాప్ ఒకటి శని, ఆదివారాల్లో రాస్తున్నాను. ఇప్పటిదాకా ఒప్పుకున్నది ఒక్క కాలేజీ లెక్చరర్. ఆయన దగ్గర రెండు క్యాన్లు నిండాయి. తీసుకెళ్లేవాళ్లని ఇంకా వెతుకుతున్నాను. పరిమాణం చాలదు అంటున్నారు అందరూ, న్యాయమే.

ఆ సాయంత్రం రిపోర్టు వచ్చింది. రేడియాలజిస్ట్ మమ్మల్ని లోపలికి పిలిచి స్క్రీన్ మీద చూపించారు. మొదటి బొమ్మలో మచ్చ చుట్టూ అంచుల్లో మాత్రమే తెల్లటి చుక్కలు. తర్వాత దాంట్లో తెలుపు కొంచెం లోపలికి వచ్చింది. చివరి దాంట్లో మచ్చ దాదాపు నిండిపోయింది. "ఇట్లా అంచుల నుంచి మెల్లగా నిండితే అది రక్తనాళాల గడ్డ, హిమాంజియోమా. క్యాన్సర్ కాదు. ఆరు నెలల తర్వాత ఒకసారి చూసుకుందాం" అన్నారు. ఆ తెలుపంతా అయోడిన్.

మొన్న ఆ ఆరు నెలలు అయ్యాయి. మళ్లీ అదే స్కాన్ సెంటర్, మళ్లీ క్రియాటినిన్, మళ్లీ కింద షాపులో సీసా. ఈసారి మిగిలిన మందు ఏం చేస్తారని అడిగితే టెక్నీషియన్ నన్ను ఎగాదిగా చూసి, "ఏం చేస్తం సార్, డబ్బాల ఏస్తం" అన్నాడు. ఇట్లాంటి సీసాలు రోజుకి ఎన్ని అని అడిగాను. లెక్కపెట్టలేదన్నాడు. ఒక వారం లెక్కపెట్టి చెప్తావా తమ్మీ అంటే, తల గోక్కుని, నా నంబర్ ఫోన్‌లో ఎక్కించుకున్నాడు.

రిపోర్టులో మచ్చ అంతే ఉంది, పెరగలేదు. బండి స్టార్ట్ చేస్తూ బాపుకి ఈ 438 ఏళ్ల లెక్క మొదటిసారి వివరంగా చెప్పాను. అంతా విని, వెనకాల సీట్లో సర్దుకుని కూర్చుని అన్నాడు: "గింతంత పైసలున్నయా దాంట్ల? మరి పొద్దుగాలనే చెప్పకపోతివి. సీసల పట్టిద్దును గదరా."

"పట్టినా కొనేటోడు లేడు బాపు."

"లేకపోతే ఎతుకు. గంత సదువు సదివితివి."